ఐవర్సన్‌ను చూపించి మా కుర్రాడి తరఫున మాట్లాడవచ్చా?

కొర్లగుంట కోచ్:
అందరికీ నమస్కారం. తిరుపతిలో పొద్దున పూట పిల్లలకు బాస్కెట్‌బాల్ నేర్పిస్తుంటాను. జీతానికి కాదు, పాత ఆటగాళ్ళం నలుగురం కలిసి చేసుకుంటున్న పని. మా దగ్గర పదిహేడేళ్ళ కుర్రాడు ఒకడున్నాడు, పాయింట్ గార్డ్, అంటే టీమ్‌లో బంతి నడిపించేవాడు, పొడుగు తక్కువే కానీ బంతి చేతిలో ఉంటే ఎవరికీ దొరకడు. ఈ మధ్య కాలేజీ బయట జరిగిన ఒక గొడవలో వీడూ ఉన్నాడు, విషయం స్టేషన్ దాకా వెళ్ళింది, కాలేజీ వాళ్ళు టీమ్‌లోంచి తీసేసి టీసీ తీసుకుపొమ్మంటున్నారు. ప్రిన్సిపాల్‌తో మాట్లాడటానికి వెళ్ళాలి. అలెన్ ఐవర్సన్ కథ చెబుదామని నా ఆలోచన, పదిహేడేళ్ళప్పటి గొడవలో జైలుకు వెళ్ళినవాడు ఎన్‌బీఏలో, అంటే అమెరికా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్‌లో, ఎంవీపీ (ఆ ఏడాది అత్యుత్తమ ఆటగాడు) అయ్యాడని. మాతో నేర్పించే ఒకాయన మాత్రం "జైలుకెళ్ళినవాడి పేరు ఎత్తితే ఉన్న కాస్త దయ కూడా పోతుంది, ఊరుకో" అంటున్నాడు. మీరేమంటారు?

మోడరేటర్:
పోస్టులో కాలేజీ పేరు, కుర్రాడి వీధి పేరు ఉన్నాయి, తీసేశాను. మైనర్ కాబట్టి ఎవరూ గుర్తుపట్టే వివరాలు అడగొద్దు, చెప్పొద్దు.

లీలామహల్ లెఫ్టీ:
తప్పకుండా చెప్పన్నా! ఐవర్సన్ కంటే పెద్ద ఉదాహరణ ఎవరున్నారు? వాళ్ళమ్మకు పదిహేనేళ్ళప్పుడు పుట్టాడు, 1975లో, వర్జీనియా రాష్ట్రంలో హాంప్టన్ అనే ఊళ్ళో. కన్నతండ్రి దగ్గర లేడు, నాన్నలా పెంచినాయన డ్రగ్స్ అమ్మిన కేసులో జైలుకు పోయాడు. ఇంట్లో కరెంటు ఉంటే నీళ్ళు లేవు, నీళ్ళుంటే కరెంటు లేదు. అలాంటి ఇంట్లోంచి వచ్చి ఆరడుగుల మనిషి, అదీ షూ వేసుకుంటే, ఏడడుగుల వాళ్ళ మధ్యలో దూరి నాలుగుసార్లు లీగ్ టాప్ స్కోరర్ అయ్యాడు. 1996 డ్రాఫ్ట్‌లో, అంటే లీగ్ టీమ్‌లు కొత్త ఆటగాళ్ళను వరసగా ఎంచుకునేటప్పుడు, మొదటి పేరు ఆయనదే. కోబీ బ్రయంట్ అదే డ్రాఫ్ట్‌లో పదమూడో వాడు! ఇంకేం కావాలి ప్రిన్సిపాల్‌కి?

పుత్తూరు టీచరమ్మ:
ప్రిన్సిపాల్‌కి ఏం కావాలో నేను చెబుతాను, ఆ కుర్చీ పక్కనే చాలాకాలం పనిచేశాను కాబట్టి. రేపు ఇంకో గొడవ జరిగితే తల్లిదండ్రులు వచ్చి అడిగినప్పుడు చూపించడానికి కాగితం ఒకటి కావాలి. టాప్ స్కోరర్ లెక్కలు ఆ టేబుల్ మీద పనికిరావు. ఇంకో మాట, ఇంతవరకు ఎవరూ అడగలేదు, ఆ గొడవలో దెబ్బ తిన్న పిల్లవాడెలా ఉన్నాడు?

కొర్లగుంట కోచ్:
మేడం, బాగానే ఉన్నాడు. కనుబొమ్మ దగ్గర కుట్లు పడ్డాయి. మావాడే కొట్టాడా, పక్కనున్నవాడు కొట్టాడా అన్నదాని మీద ఒక్కొక్కరు ఒక్కో రకంగా చెబుతున్నారు. మావాడు అక్కడున్నది మాత్రం నిజం, చెయ్యి ఎత్తింది కూడా నిజం.

బెంగళూరులో చిత్తూరోడు:
ఇది అచ్చం ఐవర్సన్ కేసులాగే ఉంది కదబ్బా. 1993 ఫిబ్రవరి 14 రాత్రి, హాంప్టన్‌లో ఒక బౌలింగ్ ఆటస్థలం (క్రికెట్ కాదు, బంతి దొర్లించి పిన్నులు పడగొట్టే ఆట). నల్లజాతి కుర్రాళ్ళకు, తెల్లవాళ్ళకు మాటామాటా పెరిగి కుర్చీలు ఎగిరాయి. రెండు వైపులా కొట్టుకున్నారు, అరెస్టయింది మాత్రం నలుగురు, నలుగురూ నల్లపిల్లలే. కుర్చీ విసిరి ఒకావిడను గాయపరిచాడని ఐవర్సన్ మీద ఆరోపణ, తను అసలు అప్పటికే బయటికి వచ్చేశానన్నాడు. వీడియో ఉంది కానీ అందులో ఎవరు ఎవరో స్పష్టంగా తెలియదు. పదిహేడేళ్ళవాడిని పెద్దవాడిగా లెక్కేసి విచారించారు, గుంపుగా చేరి గాయపరచడం అనే సెక్షన్ పెట్టారు. ఆ చట్టం ఎందుకు పుట్టిందో తెలుసా, నల్లవాళ్ళను మూకలు పట్టుకొని చంపడాన్ని ఆపడానికి! దాన్నే తిప్పి వీళ్ళ మీద వాడారు. పదిహేనేళ్ళ శిక్ష, అందులో పదేళ్ళు నిలిపివేత, అంటే ఐదేళ్ళు లోపల ఉండాలి. నాలుగు నెలలు ఉన్నాడు. గవర్నర్ డగ్లస్ వైల్డర్ 1993 డిసెంబర్ చివర్లో క్షమాభిక్ష ఇచ్చాడు. 1995లో పైకోర్టు సాక్ష్యం చాలదని శిక్షే కొట్టేసింది.
అంటే కోచ్ గారూ, మీరు "జైలుకెళ్ళి కూడా బాగుపడ్డాడు" అని చెబితే సగం కథే. నిలబడని కేసులో జైలుకెళ్ళాడు, అది చెప్పండి.

పుత్తూరు టీచరమ్మ:
సరే బాబూ, మరి మిగిలిన ముగ్గురి పేర్లు చెప్పు.

బెంగళూరులో చిత్తూరోడు:
మేడం, చూసి చెప్పాలి.

పుత్తూరు టీచరమ్మ:
అదే నేననేది. ఒకే రాత్రి, ఒకే గొడవ, నలుగురు పిల్లలు. ఒకడి గురించి ముప్పై ఏళ్ళ తర్వాత తిరుపతిలో మనం మాట్లాడుకుంటున్నాం, ముగ్గురి పేర్లు ఇంత ఆట తెలిసిన మీకే నోటికి రాలేదు. బంతి బాగా ఆడినవాడి మీదే లోకం కళ్ళు పడ్డాయి. ఆట రాని కుర్రాడు గొడవలో ఇరుక్కుంటే ఏ కోచ్ వెళ్ళి ప్రిన్సిపాల్‌తో మాట్లాడతాడు? టీసీ తీసుకొని పోయే పిల్లల్ని చూశాను, గేటు దాటాక వాళ్ళు ఎటు పోయారో ఎవరికీ పట్టదు. అందుకే "టాలెంట్ ఉంది సార్, వదిలెయ్యకండి" అనే వాదన నాకు మింగుడు పడదు. టాలెంట్ లేకపోతే వదిలేయవచ్చా?

లీలామహల్ లెఫ్టీ:
మేడం చెప్పింది నిజమే కానీ ఇప్పుడు మన ముందున్నది ఒక్క కుర్రాడు, ముందు వాడి సంగతి చూద్దాం.

చిత్తూరు వకీలు:
ఆలస్యంగా చూశాను. కథలు తర్వాత, చట్టం ముందు. కుర్రాడికి పద్దెనిమిది నిండలేదు కాబట్టి ఇది మైనర్ల కేసులు చూసే జువెనైల్ జస్టిస్ చట్టం 2015 కిందికి వస్తుంది, 2016 జనవరి 15 నుంచి అమల్లో ఉంది. మామూలు కొట్లాట కేసుల్లో పిల్లల మీద ఎఫ్ఐఆర్ కట్టకూడదని 2016 నాటి రూల్స్ చెబుతున్నాయి. ఘోరమైన నేరమైతేనో, పెద్దవాళ్ళతో కలిసి చేశాడనే ఆరోపణ ఉంటేనో తప్ప, జనరల్ డైరీలో (స్టేషన్ రోజువారీ రిజిస్టర్) రాసుకొని ఆ పిల్లవాడి ఇంటి పరిస్థితుల మీద నివేదికతో జువెనైల్ జస్టిస్ బోర్డుకు పంపాలి. ఐవర్సన్‌లా పదిహేడేళ్ళవాడిని పెద్దవాడిగా విచారించడం మన దగ్గరా సాధ్యమే, కాకపోతే పదహారు దాటి ఉండాలి, ఏడేళ్ళు, ఆపైన కనీస శిక్ష ఉన్న నేరమై ఉండాలి, అదీ బోర్డు ప్రాథమికంగా పరిశీలించాకే. కనుబొమ్మ మీద కుట్లు ఆ లెక్కలోకి రావు.
కోచ్ గారూ, రెండు ప్రశ్నలు. ఆ గొడవలో పద్దెనిమిది దాటినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? కుర్రాడితో, వాళ్ళవాళ్ళతో స్టేషన్‌లో ఏమైనా రాయించుకున్నారా?

కొర్లగుంట కోచ్:
సార్, డిగ్రీ చదివేవాళ్ళు ఇద్దరున్నారట. ఇక ఒక తెల్లకాగితం మీద సంతకం పెట్టించుకున్నారని వాళ్ళమ్మ చెప్పింది. ఏం రాసి ఉందో ఆవిడ చదవలేదు.

చిత్తూరు వకీలు:
ఆ కాగితం నకలు తీసుకోవాలి. పెద్దవాళ్ళు ఉన్నారంటే ఎఫ్ఐఆర్ కట్టే వీలుంది, కట్టారో లేదో ముందు తెలుసుకోండి. వేరే ఏదీ చెయ్యకముందు ఇది. మీకు విడిగా మెసేజ్ పెడతాను, ఇక్కడ వద్దు.

రేణిగుంట రైల్వే:
నేను స్పోర్ట్స్ కోటాలో వచ్చినవాడిని, బాస్కెట్‌బాల్ కాదు వాలీబాల్. మనవైపు పేదింటి పిల్లలకు ఆట అంటే ఎన్‌బీఏ కాదు, ఉద్యోగం. రైల్వే, బ్యాంకు, పోలీసు, ఇన్‌కంటాక్స్. బాస్కెట్‌బాల్ అయితే చెన్నై పక్కనే ఉంది, అక్కడ ఐసీఎఫ్ (రైలు పెట్టెల ఫ్యాక్టరీ), ఇండియన్ ఓవర్సీస్ బ్యాంక్ టీమ్‌లు ఎప్పటి నుంచో ఉన్నాయి. స్కూల్ గేమ్స్‌లో స్టేట్ ఆడి, నేషనల్స్ దాకా పోతే ఆ సర్టిఫికెట్టే ఆస్తి. నాకున్న భయం వేరే. చేరేటప్పుడు అటెస్టేషన్ ఫారం ఇస్తారు, ఎప్పుడైనా అరెస్టయ్యావా, కేసు ఉందా అని అడుగుతారు, దాచావని తేలితే ఉద్యోగమే పోతుంది. ఈ కుర్రాడికి ఆ చిక్కు రాదా?

చిత్తూరు వకీలు:
మంచి ప్రశ్న. ఆ చట్టంలో సెక్షన్ 24 ఉన్నది దీనికే. ఆ చట్టం కింద తేలిన నేరం వల్ల పిల్లవాడికి ముందుముందు ఏ అనర్హతా రాకూడదు. పదహారు దాటి, పెద్దవాడిగా విచారించి దోషి అని తేల్చిన సందర్భం ఒక్కటే మినహాయింపు. సెక్షన్ 74 ప్రకారం కేసు ముగిశాక క్యారెక్టర్ సర్టిఫికెట్ కోసం కూడా పోలీసులు ఆ రికార్డు బయటపెట్టకూడదు. కాగితం మీద ఉన్నదంతా ఆఫీసుల్లో జరుగుతుందా అంటే, నేను అంత అమాయకుడిని కాను. అయినా ఫారం నింపే రోజు వస్తే ఊహించి రాయొద్దు, వకీలును అడిగి రాయించండి.
టీసీ సంగతి: బోర్డు ముందుకు కూడా రాని విషయం మీద కాలేజీ ముందే తీర్పు ఇచ్చేస్తోంది. పిల్లవాడిని పిలిచి అడిగారా, రాతపూర్వకంగా నోటీసు ఇచ్చారా, అది అడగండి. మర్యాదగానే అడగండి.

బెంగళూరులో చిత్తూరోడు:
ఐవర్సన్ దగ్గరికే వస్తాను, ఎందుకంటే ఆయన కథలో అందరూ దాటేసే భాగం ఒకటుంది. జైలు నుంచి వచ్చిన వెంటనే బంతి చేతికి ఇవ్వలేదు. స్కూల్లో ఆఖరి ఏడాది ఆటే లేదు. అంతకుముందు ఏడాది అదే కుర్రాడు బెతెల్ హైస్కూల్‌ను అమెరికన్ ఫుట్‌బాల్‌లోనూ బాస్కెట్‌బాల్‌లోనూ రాష్ట్ర చాంపియన్‌ను చేశాడు, అలాంటివాడిని కూర్చోబెట్టి ట్యూషన్ చెప్పి ముందు స్కూలు చదువు పూర్తి చేయించారు. అప్పటిదాకా వెంటపడిన కాలేజీలు చల్లగా జారుకున్నాయి. వాళ్ళమ్మ ఆన్ నేరుగా జార్జ్‌టౌన్ యూనివర్సిటీకి వెళ్ళి కోచ్ జాన్ థాంప్సన్‌ను కలిసింది, నా కొడుకుని కాపాడండి అని. థాంప్సన్ అంటే ఆషామాషీ మనిషి కాదు, 1984లో అమెరికా కాలేజీ చాంపియన్‌షిప్ గెలిచిన మొదటి నల్లజాతి కోచ్. ఆయన తీసుకున్నాడు, వేరే చోట్ల గ్యాలరీ నుంచి జైలు పేరుతో వెక్కిరించినా వెనక నిలబడ్డాడు.
ఇంకో ముచ్చట, ఆట తెలిసినవాళ్ళకు. మైకేల్ జోర్డాన్‌ను 1997లో బోల్తా కొట్టించిన ఆ క్రాసోవర్ (బంతిని ఒక చేతినుంచి ఇంకో చేతికి మార్చి దాటిపోవడం) ఉంది చూశారా, అది జార్జ్‌టౌన్‌లో ప్రాక్టీస్‌లో సాటి కుర్రాడి దగ్గర నేర్చుకున్నది. ఆ కుర్రాడు మ్యాచుల్లో పెద్దగా దిగినవాడు కూడా కాదు.

పుత్తూరు టీచరమ్మ:
ఇది పనికొస్తుంది. చూశారా, "ముందు చదువు పూర్తి చెయ్యి, అప్పటిదాకా ఆట లేదు" అన్నమాట. కోచ్ గారూ, మీ కుర్రాడిని టీమ్‌లోకి తిరిగి తీసుకోమని అడగకండి అసలు. క్లాసులో ఉంచమని అడగండి. టీమ్ వద్దు, ఈ ఏడాది ఆడడు, హాజరు నేను చూసుకుంటాను, పరీక్షలు రాయనివ్వండి అని మీరే ముందు చెబితే ప్రిన్సిపాల్‌కి కాదనడం కష్టం. మీకు వాడి ఆట కావాలా, వాడు కావాలా అన్నది కూడా అక్కడే తేలిపోతుంది. కొంచెం కటువుగా అన్నాననుకోకండి.

లీలామహల్ లెఫ్టీ:
ఏడాది ఆట లేకపోతే అండర్-19 ఏజ్ దాటిపోదా మేడం? స్టేట్ సెలక్షన్ పోతుంది. రైల్వే అన్న చెప్పిన సర్టిఫికెట్ ఎక్కడినుంచి వస్తుంది?

పుత్తూరు టీచరమ్మ:
టీసీ తీసుకొని ఆటో తోలుకుంటుంటే ఎక్కడినుంచి వస్తుందో అక్కడినుంచే.

రేణిగుంట రైల్వే:
మేడం 🙏 పదిహేడేళ్ళవాడికి ఇంకా టైముంది తమ్ముడూ, యూనివర్సిటీ టీమ్ ఉంది, సీనియర్ స్టేట్ ఉంది. నాకు ఉద్యోగం ఇరవై మూడుకి వచ్చింది.

పలమనేరు పాయింట్ గార్డ్:
నేను అమ్మాయిల టీమ్‌లో ఆడాను, ఇప్పుడు పీఈటీగా చేస్తున్నాను. ఐవర్సన్ ఒక్కడేనా? నా ఓటు జిమ్మీ బట్లర్‌కి. టెక్సాస్‌లో టాంబాల్ అనే చిన్న ఊరు. పదమూడేళ్ళప్పుడు తల్లి ఇంట్లోంచి వెళ్ళిపొమ్మంది. కొన్నాళ్ళు ఒక స్నేహితుడి ఇంట్లో, కొన్నాళ్ళు ఇంకొకరి ఇంట్లో, ఇలాగే హైస్కూల్ దాకా. ఆఖరి ఏడాదికి ముందు తనకంటే చిన్నవాడొకడు, జోర్డన్ లెస్లీ, మూడు పాయింట్ల పోటీకి రమ్మన్నాడు, స్నేహం కుదిరింది, ఇంటికి తీసుకెళ్ళాడు. ఆ ఇంట్లో అప్పటికే ఏడుగురు పిల్లలు. ఒకటి రెండు రాత్రులైతే ఉండొచ్చు అన్నారు పెద్దవాళ్ళు. పిల్లలేం చేశారంటే వంతులేసుకున్నారు, ఈ రాత్రి నా గెస్ట్, రేపు రాత్రి నీ గెస్ట్ అని! చివరికి ఆ తల్లి మిషెల్ లాంబర్ట్ ఉండమంది, కానీ షరతులు పెట్టింది. టైముకి ఇల్లు చేరాలి, క్లాసులు ఎగ్గొట్టకూడదు, చిన్నపిల్లలు నిన్ను చూసి నేర్చుకుంటారు, జాగ్రత్త అని.
పెద్ద కాలేజీలేవీ అడగలేదు. టైలర్ జూనియర్ కాలేజీలో ఏడాది, తర్వాత మార్కెట్ (Marquette) యూనివర్సిటీ. 2011 డ్రాఫ్ట్‌లో షికాగో బుల్స్ ముప్పయ్యో పేరుగా తీసుకుంది, మొదటి రౌండ్‌లో అదే ఆఖరి స్థానం. 2015లో బాగా మెరుగుపడ్డ ఆటగాడి అవార్డు, 2020లోనూ 2023లోనూ మయామి టీమ్‌ను ఎన్‌బీఏ ఫైనల్స్‌కు తీసుకెళ్ళాడు. నాకు నచ్చింది ఏంటంటే, డ్రాఫ్ట్ అప్పుడు తన కథ రాయడానికి వచ్చిన విలేకరిని జనం జాలిపడేలా రాయొద్దని అడిగాడు. అందుకే కోచ్ సార్, ప్రిన్సిపాల్ రూమ్‌లో కుర్రాడిని పక్కన నిలబెట్టి, వాళ్ళ నాన్న సంగతి, ఇంటి సంగతి అన్నీ చెప్పి జాలి పుట్టించకండి ప్లీజ్. ఆ వయసులో అది చెంపదెబ్బ కంటే ఎక్కువ నొప్పి.

కొర్లగుంట కోచ్:
అమ్మా, ఈ మాట బాగా చెప్పావు. నిజంగా అలాగే చేద్దామనుకున్నాను.

బెంగళూరులో చిత్తూరోడు:
బట్లర్ గొప్పే, కానీ 2025లో మయామితో గొడవ పడి, వాళ్ళు వరసగా సస్పెండ్ చేసి, చివరికి గోల్డెన్ స్టేట్ టీమ్‌కి పంపేశారు. మంచి కుర్రాడి కథ అంటూ చెబితే ప్రిన్సిపాల్ ఫోన్ తీసి వెతికితే అదే ముందు వస్తుంది 😄

పలమనేరు పాయింట్ గార్డ్:
మీ ఐవర్సన్ ప్రాక్టీస్ ప్రెస్ మీట్ వెతికితే రాదా అన్నా? 2002లో, మ్యాచ్ గురించి కాదు, ప్రాక్టీస్ గురించా మాట్లాడేది అంటూ అదే పదం ఇరవైసార్లకు పైగా అన్నాడు. పిల్లలకు డ్రిల్స్ చేయించమంటే నాకు ఆ వీడియో చూపిస్తారు, తెలుసా!

బెంగళూరులో చిత్తూరోడు:
ఆ వీడియో ముక్క అందరికీ తెలుసు. అంతకు కొన్ని నెలల ముందు ఆయన ప్రాణస్నేహితుడిని కాల్చి చంపారని, ఆ ప్రెస్ మీట్‌లోనే ఆ బాధ కూడా చెప్పాడని ఎవరికీ తెలియదు. పైగా వేరే టీమ్‌కు ఇచ్చేస్తారనే ట్రేడ్ పుకార్లు. ప్రాక్టీస్ ఎగ్గొట్టడం గొప్ప అని నేననను, కోచ్ లారీ బ్రౌన్‌తో ఎప్పుడూ అదే పేచీ. కానీ గాయాలతో, రాసుకుపోయిన మోచేతులతో ఆడినవాడిని బద్ధకస్తుడు అంటే ఒప్పుకోను సామీ.

రేణిగుంట రైల్వే:
డబ్బు సంగతి కూడా చెప్పండి పిల్లలకు. జీతంగానే పదిహేను కోట్ల డాలర్లకు పైగా వచ్చింది, ఆఖర్లో ఆర్థిక ఇబ్బందులు. రీబాక్ కంపెనీ పెట్టిన ట్రస్టు నిధి ఒకటి ఉంది, యాభై ఐదేళ్ళు వచ్చేదాకా ముట్టుకోవడానికి లేదు అని పత్రికల్లో వచ్చింది. ఆ షరతు పెట్టినవాడెవడో కానీ, దండం పెట్టాలి.

చిత్తూరు వకీలు:
చర్చ దారి తప్పుతోంది. కోచ్ గారూ, కాగితం సంగతి ఏమైంది?

కొర్లగుంట కోచ్:
అందరికీ చెప్పడానికే వచ్చాను. వకీలు సార్ చెప్పినట్టు నకలు అడిగాం. మొదట రేపు రా, ఎల్లుండి రా అన్నారు, సార్ ఫోన్ చేశాక ఇచ్చారు. అది ఇకపై గొడవలు పెట్టుకోనని రాసిన హామీ పత్రమే, కేసు కట్టలేదు. దెబ్బ తిన్న అబ్బాయి ఇంటికి వాడిని, వాళ్ళమ్మను తీసుకెళ్ళాను. వాళ్ళ నాన్న మొదట తలుపు దగ్గరే నిలబెట్టి నాలుగు మాటలన్నాడు, పడ్డాం. ఆస్పత్రి ఖర్చు ఇస్తానంటే తీసుకోలేదు.
ప్రిన్సిపాల్ దగ్గర ఐవర్సన్ పేరు ఎత్తలేదు. టీచరమ్మ గారు చెప్పినట్టే, ఈ ఏడాది టీమ్ వద్దు సార్, క్లాసులో ఉండనివ్వండి, హాజరుకు నేను పూచీ అని రాసిచ్చాను. పీడీ సార్ కూడా మద్దతుగా ఒక మాటన్నారు. టీసీ ప్రస్తుతానికి ఆగింది, త్రైమాసిక పరీక్షల తర్వాత చూస్తామన్నారు. కుర్రాడు మాత్రం నా మీద కోపంగా ఉన్నాడు, టీమ్ లేకుండా చేశావని. పొద్దున బాస్కెట్‌బాల్ కోర్టుకు వస్తున్నాడు కానీ నాతో మాట్లాడటం లేదు.

పుత్తూరు టీచరమ్మ:
మాట్లాడకపోయినా వస్తున్నాడు కదా, ఉండనివ్వండి. ఏ సబ్జెక్టులో వెనకబడ్డాడు?

కొర్లగుంట కోచ్:
ఫిజిక్స్, ఇంగ్లీషు మేడం.

పుత్తూరు టీచరమ్మ:
ఇంగ్లీషు నేను చూస్తాను. ఆదివారాలు తిరుపతికి వస్తాను, మా అమ్మాయి ఇల్లు బైరాగిపట్టెడలోనే. ఫిజిక్స్ ఎవరైనా చెప్పగలరా ఇక్కడ?

లీలామహల్ లెఫ్టీ:
నేను ఎంఎస్సీ ఫిజిక్స్, ఎస్వీయూ. సాయంత్రాలు ఖాళీనే. కాకపోతే ఒక షరతు, 2001 ఎన్‌బీఏ ఫైనల్స్ మొదటి మ్యాచ్ వాడితో కూర్చొని ఒకసారి చూస్తాను. అప్పటిదాకా ప్లేఆఫ్స్‌లో (సీజన్ ఆఖరి దశ మ్యాచ్‌లు) ఒక్కటీ ఓడని లాస్ ఏంజెలెస్ లేకర్స్ టీమ్ మీద వాళ్ళ ఊళ్ళోనే ఐవర్సన్ 48 పాయింట్లు! మనకు అది జూన్ 7 పొద్దున, ఆయన పుట్టినరోజు.

పలమనేరు పాయింట్ గార్డ్:
తర్వాత నాలుగు మ్యాచ్‌లూ ఐవర్సన్ వాళ్ళు వరసగా ఓడిపోయారు, అవీ చూపించన్నా.

లీలామహల్ లెఫ్టీ:
అవి సిలబస్‌లో లేవు.